వెనక్కి తొక్కని కాలు

"అమ్మమ్మా, మోకాలి మీద గీ గాటేంది?"

గదా? చెప్త, జర గా దిండు ఇటియ్యి. ఒకరోజు పొద్దుగాల ఆరుంబావుకు వాకిట్ల చాన్పి చల్లుతున్న. కాదు, అమీర్‌పేటల చాన్పికి పెండ ఏడిది, నల్లా నీళ్లే. చల్లుతుంటే పైన కిరాయికుండే శ్రావణి దిగొచ్చింది. కంప్యూటర్ కోర్సుకని భీమవరం నుంచొచ్చిన పిల్ల. చేతిల చినిగిన చుడీదారు. "ఏందే, కుక్క గుంజిందా?" అన్న. "సైకిల్లో పడిందండి ఆంటీ, కుట్టిపెట్టరా" అన్నది. పోయి చూస్తే గా సైకిల్‌కు ఒక్కటే చక్రం. హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు. "రెండో చక్రం అమ్ముకున్నవా?" అన్న.

గప్పుడు మీ మామతోని నాకు లొల్లి నడుస్తుండె. బాత్రూంల ఒక్కసారి జారిన, గంతే. "నీకిగ కాళ్ల మీద పట్టు లేదమ్మా, కుట్టు మిషన్ అమ్మేద్దాం" అని ఒకటే పాట. నలభై ఏండ్ల మిషన్ బిడ్డా. మీ తాత సిరిసిల్లల మగ్గం ఇడిచి గీడికొచ్చినంక కొన్నది. జాకెట్ కుడితే రెండు రూపాయలిచ్చేటోళ్లు, గా పైసల్తోనే మీ అమ్మ సదువు, ఆమె పెండ్లి... సరే, గదిడ్సిపెట్టు. మీ మామ ఎర్రమంజిల్ ఆఫీసుల కుర్సీల కూసునేటోడు, వానికేమెరుక కాళ్ల సంగతి?

"గీ ఒంటి చక్రం మీద గేటు కాడికెల్లి ట్రాన్స్‌ఫార్మర్ దాంక పోత. పోతే మిషన్ ఉంటది" అన్న.

"పోకుంటే నేనే అమ్మేస్త" అన్నడు, నవ్వుకుంట.

రెండు వారాలు గోడ పట్టుకొని ఎక్కుడు, పడుడు. ఎదురింటి సరోజ గేటు కాడ కుర్సేసుకొని, "వదినా, టికెట్ ఎంత?" అంటది. "నీకు పాసుంది, కూసో" అన్న. "పడిపోతున్నట్టనిపిస్తే తొక్కండి ఆంటీ, చక్రం మీ కిందికొస్తుంది" అని శ్రావణి చెప్పేది. గది జల్దే సమజైంది. మిషన్ సుత గంతే గదా, నడుము నిటారుగ వెట్టి, బట్ట ఎట్ల పోతే కాలు అట్ల పోవాలె.

ఆగుడే రాలే. "ఆగాలంటే వెనక్కి నొక్కాలండి" అంటది. మిషన్ వెనక్కి తొక్కితే దారం తెగుతది. నలభై ఏండ్లు వెనక్కి పోనియ్యని కాలు, గిప్పుడు పొమ్మంటే పోతదా?

ఆదివారం మీ మామ ట్రాన్స్‌ఫార్మర్ కాడ చేతులు కట్టుకొని నిలవడ్డడు. నేను చీర కుచ్చిళ్లు దోపుకొని, కాదు కాదు, శ్రావణి ప్యాంటేసుకున్న, మీ తాతుంటే ఎగిరి దుంకేటోడు. గేటు ఇడిచిన, సరోజ ఇల్లు దాటిన, ట్రాన్స్‌ఫార్మర్ సుత దాటిన.

"అమ్మా, గెల్చినవ్, ఆగే!" అని మీ మామ మొత్తుకుంటుండు.

"ఆగుడొస్తలేదురా!" అంటున్న నేను.

పోయి పోయి ఇస్త్రీ భాయ్ బండి మీద, బట్టల కుప్పల పడ్డ. బండి కొన గీకిందే గీ గాటు. "అమ్మా, ఇన్ని బట్టలుండంగ సార్ తెల్లంగీ మీదనే పడ్డవా?" అన్నడు భాయ్. గా అంగీ మీ మామదే.

మాటైతే ఇచ్చిండు గని, నాకు ఫికర్ పోలే. ఆఫీసుకెల్లి పగటీలి బువ్వకొచ్చినప్పుడు మిషన్ దిక్కు అదే చూపు. పైంగ ఎల్లమ్మ కల్యాణం ముంగట, జాకెట్ల గిరాకి మస్తుండె. నేను తిని జర ఒరిగి లేచేసరికి రోజూ దారం తెగి, సూది కింద చిక్కువడి ఉంటుండె. ఖరాబైందని చెప్పి అమ్మనీకె ఎత్తు ఏసిండు అనుకున్న.

నాలుగు రోజులైనంక శ్రావణినడిగిన. పిల్ల నోటికి చున్నీ అడ్డం వెట్టుకొని ఒకటే నవ్వు. "మీ అబ్బాయిగారు నాకూ ఆ సైకిల్ నేర్పమన్నారండి. ముందు మీ అమ్మగారి మిషన్ తొక్కడం నేర్చుకోండి అన్నాను."

బువ్వ తినుడు, నేను ఒరగంగనే పోయి మిషన్ మీద కూసునుడు. రోజూ తొక్కుతుండంట మీ మామ. వెనక్కి.