స్క్రూ లేని తాళం

మేనేజరు కూర్చోమన్నా డిజైనరు కూర్చోలేదు. చిన్నపిల్లలు తలుపు తీయకుండా కప్‌బోర్డుకి పెట్టే తాళం నమూనా ఒక చేతిలో, పది కిలోల ఇసుక సంచి చంకలో పెట్టుకుని నిలబడే ఉంది.

“నా మాట విని ఒక్క స్క్రూ పెట్టమ్మా. గట్టిగా ఉంటుంది.”

“జిగురు పట్టీ చాలు సార్. మూడు వందల సార్లు లాగి చూశాను, ఊడలేదు.”

“ఒక్క స్క్రూకి ఇంత పంతమేంటి?”

“స్క్రూ అంటే డ్రిల్లు కావాలి. డ్రిల్లు పట్టుకుని ఎవరో ఒకరు రావాలి.”

“సాయంత్రం మొగుడొచ్చి బిగిస్తాడు. దానికేం?”

“మా ఇంట్లోనూ అదే అనుకున్నాం. మన కంపెనీ తాళమే. స్క్రూలతో సహా ప్యాకెట్టు గట్టుమీదే ఉంది. ఆయన వచ్చేలోపు మా పాప సింకు కింద తలుపు తీసి ఫినాయిల్ తాగేసింది.”

మేనేజరు గొంతు తగ్గింది. “ఇప్పుడెలా ఉందమ్మా?”

“బతికింది. ముద్ద మింగాలంటే ఇప్పటికీ ఏడుస్తుంది.”

“పాపం... అయినా స్క్రూ లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు.”

ఆమె ఇసుక సంచిని తీసి ఆయన చంకలో పెట్టింది.

“ఇది మా పాప బరువు. ఒంటిచేత్తో ఆ స్క్రూ బిగించి చూపించండి, నోరు మూసుకుని స్క్రూతోనే గీసిస్తాను. కిందికి మాత్రం దించకండి సార్. దించితే సింకు దగ్గరికి వెళ్తుంది.”