చలి పట్టని ఆవు

ఆ చలి ఊళ్లో పశువుల ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ కొట్లో పొద్దున్న ఏడింటికి బెంచీ మీద చోటు దొరకడం కష్టం. టీ కోసం కాదు, సైంటిస్టు గారి కోసం. ఆయన నిజం సైంటిస్టేమీ కాదు. ఊరి చివర పశు పరిశోధన కేంద్రంలో ముప్పై ఏళ్లు అటెండరుగా పనిచేసి, గాజు సీసాలు కడిగి, పెద్ద డాక్టరు గారి గది తలుపు తీసి వేసి, రిటైరైన మనిషి. రిటైరైన మర్నాటి నుంచీ ఆ కేంద్రంలో జరిగినవన్నీ, జరగనివి మరీ ఎక్కువగా, తన చేతుల మీదుగానే జరిగాయని చెప్పుకొస్తున్నాడు.

ఆయన భార్య తమ్ముడు వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా పాలు కొని, ఇంటింటికీ పోసుకుని బతుకుతాడు. బావ పొద్దస్తమానం "ఒరేయ్ బామ్మర్దీ" అని కేకేసి పిలవడంతో ఊరంతా అతన్ని బామ్మర్ది అనే అంటుంది. ఆడవాళ్లు కూడా నోరు జారి అలాగే పిలిచి, నాలిక్కరుచుకుంటారు.

ఆ రోజు బామ్మర్ది టీ కొట్టుకి పాలు పోసి, మిగిలిన పాలతో క్యాను పక్కన పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. బావ అప్పటికే మధ్యలో ఉన్నాడు. బావ పక్కన ఒక కొత్త మనిషి. బస్సు డ్రైవరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. నాలుగు ఆవుల్ని కొనుక్కుని మిగతా రోజులు వాటితో గడుపుదామని అతని ఆశ.

"చలి ముంచుకొస్తోంది కదండీ, ఎలాంటి ఆవుల్ని కొనమంటారు?" అన్నాడు డ్రైవరు. "ఇక్కడి పొట్టి బొచ్చావులకి చలి లెక్కే లేదంటారు, కానీ పాలు తక్కువ. కింద మైదానం నుంచి వచ్చే నున్నటి పెద్దావులకి పాలు ఎక్కువ, కానీ చలికి ఆగవంటారు."

"అంటే నీకు ఒళ్లు బొచ్చావుది కావాలి, పొదుగు నున్నటావుది కావాలి. అంతేనా?" అని బావ గ్లాసు కింద పెట్టాడు.

బావ గ్లాసు కింద పెట్టాడంటే ఇక లేవడని అందరికీ తెలుసు. టీ కొట్టు నడిపే టీ అక్క పొయ్యి మంట తగ్గించింది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. ఏదో జరిగింది చెప్తాను. ఒకరోజు మా ల్యాబులో బొచ్చావు రక్తం పెట్టుకుని పెద్ద డాక్టరు గారు పొద్దున్నుంచి చూస్తున్నారు. చలికి తట్టుకునే జన్యువు ఎక్కడుందో దొరకడం లేదు. ఆరుగురు డాక్టర్లు, పైదేశం నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు, అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. నేను సీసాలు సర్దుకుంటూ పక్క నుంచి ఒక్క చూపు చూశాను. ఒక్కటంటే ఒక్కటే చూపు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'సార్, ఆ మూల కూర్చున్నదెవరో కాస్త చూడండి' అన్నాను. మిగతా జన్యువులన్నీ గడగడా వణుకుతున్నాయి, అదొక్కటే కాలు మీద కాలేసుకుని కూర్చుంది!"

"జన్యువుకి కాళ్లుంటాయా?" అంది టీ అక్క.

"చలి జన్యువుకి ఉంటాయమ్మా. తక్కినవాటికి ఉండవు. అలాగే కదా గుర్తుపట్టాను! సరే, పెద్ద డాక్టరు గారు నన్ను కౌగిలించుకుని, ఇది నీదేనయ్యా, నువ్వే ఉంచుకో అన్నారు. దాన్ని పట్టకారుతో పట్టి, సీసాలో వేసి, చొక్కా ఎడమ జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరాను. మంచు పడుతోంది. ఎడమ పక్కంతా చెమటలు, కుడి పక్కంతా మంచు. మా ఆవిడ ఒక చేత్తో విసురుతూ ఒక చేత్తో కంబళి కప్పుతూ నానా అవస్థ పడింది. ఏరా బామ్మర్దీ, మీ అక్క నీతో చెప్పలేదూ?"

"చెప్పింది బావా" అన్నాడు బామ్మర్ది. అక్క అలాంటిదేమీ చెప్పలేదు. కానీ బావ "ఏరా" అన్నప్పుడల్లా అవుననడం అతనికి అక్క పెళ్లప్పట్నుంచీ అలవాటైపోయింది.

"విన్నావా? సాక్షి కూడా ఉన్నాడు. ఇక ఆ సీసాలోది ఒక్క చుక్క తీసి ఒక నున్నటావుకి ఎక్కించాను. తెల్లారేసరికి వేలెడు బొచ్చు! మధ్యాహ్నానికి జానెడు! మూడో రోజుకి నేల మీద జీరాడుతోంది, ఆవు ఎటు నడుస్తోందో, ముందేదో వెనకేదో తెలీక నేను తోకకి గడ్డి పెట్టాను. వారానికి రెండుసార్లు మంగలిని పిలవాల్సి వచ్చింది. ఆ బొచ్చుతో ఈ ఊళ్లో సగం మందికి స్వెటర్లు అల్లించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి, చెప్పండి" అన్నాడు డ్రైవరు. నవ్వాపుకోలేక అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"పాలు పిండితే మరుగుతూ వచ్చాయి! చేతులు బొబ్బలెక్కి, చెంబుకి గుడ్డ చుట్టి పట్టుకోవాల్సి వచ్చింది. అందులో ఇంత టీ పొడి, ఇంత పంచదార వేస్తే చాలు, పొయ్యితో పనే లేదు."

"అయితే ఆ ఆవుని తెచ్చి నా కొట్లో కట్టెయ్యండి. గ్యాసు కలిసొస్తుంది" అంది టీ అక్క.

"కట్టేద్దునమ్మా, కానీ దాన్ని రైలు వాళ్లు పట్టుకుపోయారు! ఆ ఏడు ఆ పై కొండల్లో నడుంలోతు మంచు పడి రైలు ఆగిపోయింది, మూడు రోజులైనా కదల్లేదు. పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చారు. నేను ఆవుని తీసుకెళ్లి ఇంజను ముందర నిలబెట్టి, తోక ఒక్కసారి మెలిపెట్టాను. అది నడుస్తుంటే అటూ ఇటూ మంచు కరిగి కాలవలు కట్టింది, దాని వెనకాల రైలు, రైలు వెనకాల పచ్చటి గడ్డి మొలుచుకుంటూ వచ్చింది. ఆవుకి ఆకలేసి వెనక్కి తిరిగి ఆ గడ్డి మేయబోతే, రైలు కూడా వెనక్కి పోవాల్సి వచ్చింది!"

బెంచీ అంతా గొల్లున నవ్వింది. బావకి ఊపొచ్చేసింది.

"నవ్వకండి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు. సీసా మూత పెడుతుంటే అర చుక్క ఒలికి మా కోడి మీద పడింది. మర్నాడు గుడ్డు పెట్టింది, పగలగొట్టి చూద్దును కదా, ఉడికిపోయి ఉంది! ఉప్పూ మిరియాల పొడీ జల్లుకుని తినడమే!"

డ్రైవరు నవ్వి నవ్వి మోకాళ్లు కొట్టుకున్నాడు. నవ్వు కాస్త తగ్గాక కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"కోడి సంగతి వదిలేద్దాం సార్. మరిగే పాలూ నాకొద్దు. ఆవు చలికి చావకుండా ఉంటే చాలు. ఆ మందు ఇంకా ఏమన్నా ఉందా?"

బావ కూడా గొంతు తగ్గించాడు. కోటు జేబులోంచి బొటనవేలంత సీసా తీశాడు. లోపల లేత గులాబీ రంగు నీళ్లు.

"ఆఖరిది. ఎవరికీ ఇవ్వను. నీ మొహం చూసి ఇస్తున్నాను."

బామ్మర్ది చేతిలో టీ చల్లారిపోయింది. "ఆవు చలికి చావకుండా ఉంటే చాలు." పోయినేడాది ఇదే బెంచీ మీద కూర్చుని, ఇలాగే నవ్వి, ఇవే మాటలు అన్నాడు తను. కోడిగుడ్డుని ఎవరూ నమ్మరు, నమ్మమని బావ అడగడు కూడా. అంత పెద్ద అబద్ధం విని నవ్వుకున్నాక, పక్కనే చిన్న సీసా కనపడితే అది మాత్రం నిజమేనేమో అనిపిస్తుంది. అలాగే ఆ సీసాని నమ్మి, అమ్మ చేతి మీదుగా వచ్చిన నాలుగు బొచ్చావుల్నీ అమ్మేసి, ఒక నున్నటావుని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఏడాదంతా ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్క మొగుడు. నలుగురిలో ఆయన పరువు తీస్తే అక్క మొహం ఎలా చూడాలి?

డ్రైవరు సీసా కోసం చెయ్యి చాపాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా డ్రైవరు గారూ?" అన్నాడు బామ్మర్ది.

బావ సంబరపడ్డాడు. "చెప్పరా, చెప్పు! వీడూ వేయించాడు ఈ మందు!"

"వేయించాను. ఆ ఆవు మూడు రోజులు నిలబడే వణికింది. బొచ్చు మొలుస్తుందని రోజుకి పదిసార్లు వీపు నిమిరి చూసుకున్నాను. మొదటి రోజు గోనెసంచులు కప్పాను. రెండో రోజు నా కంబళి, మా ఆవిడ దుప్పటి కప్పాను. మూడో రోజు చెవుల చివర్లు నల్లబడ్డాయి. నాలుగో రోజు నిలబడటం మానేసింది."

డ్రైవరు చాపిన చెయ్యి ముడుచుకున్నాడు.

"నువ్వు దాణా సరిగ్గా పెట్టలేదు, అందుకే..." అన్నాడు బావ.

"ఆవు పోయాక సీసాలో మిగిలింది పట్టుకుని మీ పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను బావా. గ్లూకోజు నీళ్లన్నారు. రంగు ఎందుకొచ్చిందో ఆయనకి అర్థం కాలేదు. చలికి తట్టుకునేది ఒక్క జన్యువు కాదట, లెక్కలేనన్నట. కొన్ని బొచ్చు ఒత్తుగా పెంచుతాయట, కొన్ని వేడి బయటికి పోకుండా చెవులు చిన్నవిగా ఉంచుతాయట, కొన్ని పుట్టిన దూడ ఒంట్లో కొవ్వుని మండించి వెచ్చబెడతాయట. ఏ చలికాలానికి ఆ చలికాలం ఆగలేనివి పోయి, ఆగినవాటి దూడలు మిగిలి, అలా ఎన్ని తరాలకో ఈ పొట్టావు తయారైందట. మా అమ్మ చలికి వణకని ఆవు దూడనే ఉంచుకునేది, మిగతావి అమ్మేసేది. అది చెప్తే, 'మీ అమ్మ చేసిన పనీ మేం చేసే పనీ ఒకటేనయ్యా, ఆవిడ కొట్టంలో చేసింది, మేం ల్యాబులో చేస్తున్నాం' అన్నారు డాక్టరు గారు. అమ్మ అన్నేళ్లు చేసిన ఆ పనంతా నేను తాళ్లతో సహా అమ్మేసుకున్నాను."

బావ సీసాని గుప్పిట్లో దాచుకున్నాడు. "అది వేరే బ్యాచి రా. ఇది అసలుది."

టీ అక్క గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే అడిగింది. "అసలుది జేబులో ఉంటే ఆ పక్క చెమటలు పోస్తాయన్నారు కదండీ. మరి రెండు స్వెటర్లు, మఫ్లరు, పైన కోటు ఎందుకూ?"

బెంచీ మీద నవ్వు మళ్లీ మొదలైంది. ఈసారి బావ అందులో లేడు. మఫ్లరు సర్దుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, పనుందంటూ లేచి వెళ్లిపోయాడు.

డ్రైవరు టీ తాగేసి గ్లాసు టీ అక్కకి ఇచ్చాడు. ఆ మీదట, బొచ్చావులు ఎక్కడ దొరుకుతాయో చూపించమని బామ్మర్దిని అడిగాడు. సాయంత్రం తీసుకెళ్తానని బామ్మర్ది మాటిచ్చాడు. బావ గాలి తీసిన సంతోషం అతనికి వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. కాళ్లు అక్క ఇంటి వైపు పోనంటున్నాయి. పాలు పోయక తప్పదు కాబట్టి వెళ్లాడు.

అక్క వంటింట్లో ఉంది. బావ ముందుగదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. విషయం అప్పటికే ఇంటికి చేరిందని అక్క మొహం చూడగానే తెలిసిపోయింది.

"నలుగురిలో మీ బావని అంతంత మాటలన్నావట" అంది అక్క.

బామ్మర్ది గిన్నె అందుకుని క్యానులోంచి పాలు ఒంపాడు. "తప్పయిపోయింది అక్కా. నీ గురించే ఆలోచించి ఏడాది నుంచీ నోరు మూసుకున్నాను. ఇవాళ ఆగలేకపోయాను."

అక్క గిన్నె అతని చేతిలోంచి తీసుకుని గట్టు మీద టక్కున పెట్టింది.

"ముప్పై ఏళ్లుగా ఆ కోతలు వింటున్నదాన్ని నేను. అబద్ధమని చెప్తే నేను ఒక్కదాన్నే చెప్పాలి, నువ్వేమో ఆయన ఏమన్నా అవును బావా అంటావు. ఆ అవునుల్లో ఒక్కటైనా మింగి ఉంటే అమ్మ ఆవులు ఇవాళ నీ కొట్టంలో ఉండేవి కదరా."