పద్దెనిమిది శాతం గిరాకీ

పైపులకు వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీ. మేడ మీద అమ్మకాల గది. సాయంత్రం నాలుగు నలభై. కింద టెస్టింగ్ బెంచి దగ్గర నుంచి నూనె చేతులతోనే ఫిట్టరు మెట్లెక్కి వచ్చాడు. బల్ల వెనక అతని అన్న కొడుకు.

“ఏదీ, నా మొహంలోకి చూసి మళ్ళీ చెప్పు.”

“ఏం చెప్పాలి బాబాయ్?”

“నోటీసు బోర్డు మీద అంకె. వచ్చే ఏడు వాల్వులకీ, వాటిని తిప్పే యాక్చుయేటర్లకీ గిరాకీ పద్దెనిమిది శాతం పెరుగుద్దని. నిజమేనా?”

“బోర్డు మీద ఉందిగా.”

“ఉందిరా. బాణం కూడా గీశారు. కాగితం చాలక గోడ మీదకి పోయింది. నిజమా అని అడుగుతున్నా.”

“టీ తాగుతావా?”

“టీ వద్దు, గీ వద్దు. ఐదింటికి గడువు. మానేస్తామని ఫారం మీద సంతకం పెట్టినోళ్ళకి ఏడాది జీతం ఇచ్చి పంపుతారు. పెట్టకుండా ఉండిపోయి, రేపు ఆర్డర్లు రాలేదనుకో, ఉత్త చేతుల్తో గెంటేస్తారు. చెప్పు, ఎక్కడిదా పద్దెనిమిది?”

“సర్వే చేశాం.”

“ఎవర్నడిగావ్?”

“నూనె శుద్ధి చేసేవాళ్ళకి ఫోన్ చేశా. చూద్దాం అన్నారు.”

“ఊఁ.”

“నీళ్ళ సరఫరావాళ్ళకి చేశా. చూద్దాం చూద్దాం అన్నారు.”

“రెండుసార్లా?”

“పెద్ద ఆఫీసు కదా. ఎరువుల ఫ్యాక్టరీకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఇంకా మోగుతూనే ఉందనుకుంటా.”

“మరి పద్దెనిమిది?”

“ఏదో ఒక అంకె కొట్టకపోతే కంప్యూటర్లో తర్వాతి పేజీ తెరుచుకోదు బాబాయ్. ‘చూద్దాం’ అని కొట్టి చూశా. ఒప్పుకోలేదు.”

“అందుకని?”

“అనుభవం ఉన్న మనిషిని అడిగా. ఈ పనిలో ముప్ఫయ్యొక్కేళ్ళు. రిపోర్టులో అలాగే రాశా. ఎండీ గారు చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారట.”

“ఎవర్రా ఆ మహానుభావుడు?”

“వద్దులే బాబాయ్.”

“చెప్పరా. వెళ్ళి కాళ్ళ మీద పడైనా అడుగుతా.”

“ఆయన కాళ్ళ మీద నువ్వు పడలేవు. నడుం అంత వంగదు.”

“ఎవరు?”

“నువ్వే.”

“నేనా? నేనెప్పుడన్నాన్రా?”

“టీ మెషిను దగ్గర. వచ్చే ఏడు ఎలా ఉంటుంది బాబాయ్ అంటే, పద్దెనిమిది శాతం పెరక్కపోతే మీసం తీయించేస్తా అన్నావు.”

“నాకు మీసమెక్కడుందిరా!”

“రిపోర్టు పంపేశాక తట్టింది.”

“అదేదో… నలుగురూ వింటున్నారని గొప్పకి… నోటికొచ్చిందేదో…”

“అదంతా రాయలేదులే.”

“ఓరి నీ… ఇప్పుడేం చెయ్యాల్రా?”

“నీ ఫారం ఉందా?”

“జేబులోనే ఉంది.”

“ఇంకా పావుగంట ఉంది. పరిగెత్తు. సంతకం పెట్టి ఇచ్చెయ్. నేనేం అనుకోను.”

“ఎలా వెళ్ళన్రా?”

“ఏం, మెట్లకేమైంది?”

“పొద్దున్నే మా బెంచివాళ్ళందర్నీ బోర్డు దగ్గర నిలబెట్టి, నా మాట నమ్మండి, ఎవడూ సంతకం పెట్టొద్దన్నా. తర్వాతే ఎందుకో అనుమానమొచ్చి ఇటొచ్చా. పదకొండు మందీ ఫారాలు చింపేసి, నన్ను భుజాల మీద ఊరేగిద్దామని ఆ మెట్ల కిందే నిలబడున్నార్రా.”