జారిపడ్డ మనిషి వేగం

స్టాఫ్ రూములో పరీక్ష ప్రశ్నపత్రం సరిచూస్తున్న ఫిజిక్స్ మేడమ్ నాలుగో లెక్క దగ్గర ఆగిపోయింది.

"సార్, 'రంగులేసే మనిషి మూడో అంతస్తు నుంచి జారిపడ్డాడు. నేలను తాకేటప్పుడు అతని వేగమెంత?' ఇది మీరే రాశారా?"

"నేనే. మొన్న మన హాస్టల్ గోడకి రంగులేస్తూ ఒకాయన పడి చనిపోయాడే, అప్పుడు తట్టింది. కళ్లారా చూసిందైతే పిల్లల బుర్రకెక్కుతుంది."

"ఆయన కూతురు మన క్లాసే. తండ్రి పోయాక ఇవాళే కాలేజీకొచ్చింది."

"అయ్యో, తెలీదే. అయితే మనిషిని తీసేసి ఇటుక అని పెట్టండి మేడమ్. జవాబు ఎలాగూ మారదు."

ఆమె ఎర్ర పెన్ను మూత తీసింది.

"మూడో అంతస్తు అని చదవగానే ఆ ఇటుక ఎవరో ఆ పిల్లకి తెలీదా సార్?"

"మరి ఆ లెక్క తీసేస్తే పేపర్లో ఐదు మార్కులు తక్కువవుతాయిగా."

"అవనివ్వండి."

ఆమె ఆ లెక్కను అడ్డంగా కొట్టేసి, కుర్చీని అతని బల్లకి దూరంగా లాక్కుంది.