కొమ్ముల యశోదమ్మ

ఏ బొమ్మా? కొమ్ములదా? మెల్లగ ఎత్తమ్మా జలజా, అడుగు పగిలిండాది, బంక పెట్టి నిలబెట్టిండాను. నవ్వు, నవ్వు. నేనూ కొత్త కోడలుగా వచ్చిన ఏడాది నవ్వినాను. అది యశోదమ్మ. మీ ముత్తవ్వ, అంటే మా అత్త విశాలమ్మ, అట్లనే పేరు పెట్టింది. గవర్నమెంటు బంగారు గనులు తీసుకొన్నాక దొరలు ఒక్కొక్కరే బంగళాలు ఖాళీ చేసి పోయిరి గదా, పోతా పోతా సామాన్లు ఏలం పెట్టిరి. మా అత్త పింగాణి జాడీలు తెస్తానని పోయి ఈ బొమ్మను ఎత్తుకొచ్చింది. ఆ దొరసాని ఓడలో వస్తా యాడనో రేవులో కొనిందంట. తల మీద ఆవు కొమ్ములు, నడిమధ్య గుండ్రంగ పళ్ళెం, ఒళ్ళో పాలు తాగే బిడ్డడు. "ఆవుల మందలో బతికే తల్లి, పాలు తాగే బిడ్డ, ఇంగెవరే, యశోదమ్మే!" అనేసింది. ఎవరు కాదంటారు చెప్పు? దసరా బొమ్మల కొలువులో మూడో మెట్టు ఇచ్చినారు.

ఇంగ దసరా అయినాక బొమ్మలన్నీ పాత బట్టల్లో చుట్టి పెట్టెలో పెడతాం గదా, మా అత్త అన్నీ పెట్టదు. గొల్లోళ్ళు, గొర్రెలు, ఒంటె, ముగ్గురు రాజులు, వాళ్ళతో పాటు ఈ యశోదమ్మ, వేరే బుట్టలో. అవి సవరియప్పకి. సవరియప్ప ఎవరంటే, గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. మన క్వార్టర్సు కింద కూలీల లైన్లు ఉండె చూడు, ఆడుండేవాడు. ఒకసారి లోపల బండ పగిలి రెండు దినాలు చీకట్లో చిక్కుకొనిండాడు. బయట పడితే పన్నెండేండ్లు క్రిస్మసుకి కుడిలు కడతానని మొక్కుకొన్నాడంట. కుడిలు అంటే ఏసు పుట్టిన గొడ్ల కొట్టం. గడ్డి కప్పి, గని రాళ్ళు పేర్చి, బొమ్మలు పెట్టేది. మేరీమాతది మట్టిబొమ్మ ఉండె, వానకి నాని పాయె. "అమ్మా, బిడ్డనెత్తుకొన్న తల్లి మీ ఇంట్లో ఏదన్నా ఉండాదా?" అని వచ్చినాడు. మా అత్త ఈ బొమ్మ తలకి నీలం గుడ్డ కప్పి, కొమ్ములు కనపడకుండా ముడేసి ఇచ్చింది. అట్ల ఆరేండ్లు మా యశోదమ్మ ఆడ మేరీమాత. కొవ్వొత్తులేమి, దండలేమి! మా అత్త పోయి ఒక టెంకాయ కూడా కొట్టొచ్చేది. వాళ్ళేమీ అనేవాళ్ళు కాదు.

ఆ పన్నెండో ఏడే వచ్చె చిక్కు. మా మామ శంకరనారాయణ, గని టైమాఫీసులో హెడ్ క్లార్కు. మంచోడే, నోట్లో నాలుక లేనోడని ఆఫీసులో పేరు. కానీ చేతికి ఒక పుస్తకం చిక్కితే చాలు, ఊరంతా తానే కనిపెట్టినట్లు ఎగిరేవాడు. రాబర్ట్‌సన్‌పేట సంతలో ఒక సన్న ఇంగ్లీషు పుస్తకం దొరికె. ఏసు కథంతా ఈజిప్టోళ్ళ హోరస్ దేవుని కథే, ఎత్తి రాసుకొన్నారు అని. డిసెంబరు ఇరవై అయిదుకి పుట్టిందీ, కన్నెతల్లికి పుట్టిందీ, పన్నెండు మంది శిష్యులూ, అన్నీ అదేనంట. క్రిస్మసు ముందు దినం పొద్దున కాఫీ తాగతా పేజీ తిప్పినాడు, చూస్తే మన బొమ్మ! కొమ్ములూ, పళ్ళెమూ, బిడ్డడూ. ఐసిస్ అంట ఆ దేవత పేరు. ఎగిరి గంతేసినాడు. "విశాలా! ఆరేండ్లుగా వాళ్ళు మొక్కుతా ఉండేది ఈజిప్టు దేవతకి! సాయంత్రం నాలుగ్గంటలకి పోయి కుడిలు ముందర నిలబడి చెప్తాను. దీనికి మించిన రుజువు ఇంగేమి కావల్ల?" మా అత్త మొగం చూడల్ల అప్పుడు. "వద్దండీ. పెదవి దాటితే పృథివి దాటుతాది. సవరియప్పకి ఇది ఆఖరు ఏడు. బొమ్మ ఇచ్చింది నేను, తప్పు నాది." ఆయన వింటే గదా! టోపీ పెట్టుకొని ఆఫీసుకి పాయె.

మా అత్త చదివింది మూడో క్లాసు. కానీ తెలివి, అబ్బా! నన్ను పిలిచె. "కుముదా, ఏలంలో మీ మామ ఒక లావు పుస్తకం తెచ్చె గదా ఈజిప్టుది, యాడుండాది?" మంచం కింద ఉండె. తెచ్చి చూస్తే పుటలు అంచుల్లో అతుక్కొనే ఉండాయి. అప్పటి పుస్తకాలు కత్తితో అంచులు కోసుకొని చదవల్ల, ఒక్కటన్నా కోయలేదు మహానుభావుడు! కూరగాయల కత్తితో ఆమె కోస్తా ఉంటే నేను చదివి తెలుగులో చెప్తా ఉన్నాను. అది అవరేకాయల కాలం, అనపకాయలంటారే, అవే. గింజ నానబెట్టి పితికి పప్పు తీస్తా, ఒక చేత్తో పేజీ తిప్పతా, మధ్యాన్నం దాకా. ఆ పుస్తకానికి ఇప్పటికీ అవరేకాయ సొన వాసన ఉండాదేమో. ప్రతి మాటకీ ఆమె, "ఎవరు చూసినారంట? యాడ రాసిండారంట? మళ్ళీ చదువు."

నాలుగు దాటి మేము పోయేటప్పటికే అంతా అయిపోయిండాది. మా మామ ఆ బొమ్మ గుడ్డ తీసేసి, పక్కన బొమ్మ పేజీ పట్టుకొని నిలబడిండాడు. వయసు పిల్లోళ్ళు అగ్గి మీద గుగ్గిలం. "మా కుడిల్లో వేరే దేవత విగ్రహమా? మైల పడింది, పీకేయండి!" అని గడ్డి లాగతా ఉండారు. ఆ లాగులాటలోనే బొమ్మ కింద పడి అడుగు పగిలె. సవరియప్ప మోకాళ్ళ మీద కూలబడి, పీకిన గడ్డిని మళ్ళీ మళ్ళీ చెక్కతా ఉండాడు. "పదకొండేండ్లు కట్టినానే స్వామీ, ఇంగొక్క రాత్రి!" అంటాడు.

మా అత్త నేరుగ పోయి మొగుని ముందర నిలబడింది. ఎప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగదు. "అయ్యా, నేను తెలీనిదాన్ని, అడిగితే చెప్పండి. ఆ దేవతకి మొగుడుండాడా లేదా?" "ఉండాడు." "ఆ మొగుణ్ణి తమ్ముడే చంపి పద్నాలుగు ముక్కలు చేసి పారేస్తే, ఈ యమ్మ ఏరుకొచ్చి జోడించి, అప్పుడు గదా కడుపుతో అయ్యింది? మీ లావు పుస్తకంలోనే ఉండాది. మరి కన్నె ఎట్లయితాది?" ఆయన తన సన్న పుస్తకం పుటలు తిప్పతా ఉండాడు. "ఆ బిడ్డ పుట్టింది వాళ్ళ లెక్కలో ఏడాది కడాన కలిపే అయిదు దినాల్లో. డిసెంబరు యాడిది? శిష్యులు పన్నెండు మంది ఏ పేజీలో ఉండారు? చూపించండి, కుముద చదువుతాది." సన్న పుస్తకంలో 'అని చెప్పుదురు, అని చెప్పుదురు' అనే గాని, ఎవరు చెప్పిరో లేదు. సవరియప్ప తల ఎత్తి, "అమ్మా, నిజం చెప్పల్లంటే తారీఖు మా బైబిల్లోనూ లేదు," అన్యాడు. పాపం, ఆ పొద్దులో కూడా అబద్ధం ఆడలేడు!

మా మామ వదల్లేదు. "అయితే ఈ బొమ్మ? తల్లీ బిడ్డా ఒకే మాదిరి లేరా?" "ఉండారు. ఒప్పుకొంటాను. బిడ్డకి పాలిచ్చే తల్లి ఇంగెట్ల కూర్చుంటాదండీ? మీ అమ్మ మీకు ఎట్లిచ్చె? ఆమె ఎవర్ని చూసి నేర్చుకొనె?" లైన్లంతా గొల్లుమనె. ఆయన మొగం చూడల్ల, తేలు కుట్టిన దొంగే!

అప్పుడు మా అత్త పిల్లోళ్ళ తట్టు తిరిగె. "మీరు నవ్వొద్దు. ఏసు పుట్టినాక రాజు చంపుతాడని ఆ తల్లి బిడ్డనెత్తుకొని యాడికి పారిపోయింది? సవరియప్పా, నువ్వే గదా నాకు చెప్పింది?" "ఐగుప్తుకమ్మా." "ఐగుప్తు అంటే ఈజిప్టు, ఈ యమ్మ ఊరే. పరదేశం నుంచి పసిబిడ్డతో వస్తే ఆ ఊరు చోటిచ్చింది. చోటిచ్చిన ఊరి తల్లిని వీధిలో పారేస్తారా?" పగిలిన బొమ్మని కొంగుతో తుడిచి, బిడ్డ ఏసుని చూసేదానికొచ్చిన ముగ్గురు రాజుల పక్కన నిలబెట్టె. "దూరం నుంచి చూసేదానికొచ్చింది, తన బిడ్డనెత్తుకొని. ఉండనీ."

"మరి మేరీమాత చోటు ఖాళీ అమ్మా," అన్యాడు సవరియప్ప. మా అత్త నాతో, "పోయి పట్టద బొమ్మలు తీసుకురా," అనె. ఆమె పెండ్లికి పుట్టింటోళ్ళు పెట్టిన ఎర్రచందనం రాజారాణి బొమ్మలు, గడప దాటకూడదు అవి. "అత్తా..." అంటిని. "మన బొమ్మతో వాళ్ళకి తలవంపు వచ్చె, మన బొమ్మలతోనే తీరల్ల. పో." పరిగెత్తినాను తల్లీ, చెప్పులు కూడా లేకుండా. రాణికి నీలం గుడ్డ, రాజుకి గొంగళి ముక్క. మేరమ్మ, యోసేపు! పిల్లోళ్ళే గడ్డి తెచ్చి కప్పిరి, బ్యాండు మోగించిరి. సవరియప్ప పన్నెండు కొవ్వొత్తులు వెలిగించి, పన్నెండోది మా అత్త చేతికిచ్చె. మొక్కు తీరె! పండగయినాక ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకొని బొమ్మల్ని తెచ్చేదానికి పోయింది ఎవరనుకొన్నావు? మా మామే. టోపీ తీసేసి. "విశాలా, ఆ లావు పుస్తకంలో మిగిలిన పుటలు కూడా కోసి పెట్టు," అన్యాడు.

అందరూ పోయిరి. సవరియప్పా, మామా, మా అత్త కూడా.

ఆ, పై మెట్టు మీద రాజారాణీ, అవే. రాణి తల మీద తెల్లగ ఉండేది మైనం, ఆ పన్నెండో కొవ్వొత్తిది. గీకొద్దు. గీకొద్దంటిని గదమ్మా... అట్ల పెట్టు. పక్కనే యశోదమ్మను నిలబెట్టు. ఇంగ పద, పొయ్యి మీద గుగ్గిళ్ళు ఉండాయి.