బామ్మర్ది చదివిన సినిమాలు

(మధ్యాహ్నం మూడు దాటింది. ముందుగదిలో టీవీ ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాంట్లో గడియారాలు బాగుచేసే బావ, రెండోదాంట్లో బస్సు కండక్టరు బామ్మర్ది. సినిమా ఇప్పుడే అయిపోయింది. అయిపోయిందంటే బావ ఒప్పుకోవడం లేదు.)

"మళ్ళీ పెట్టు."

"ఏంటి బావా మళ్ళీ పెట్టేది? పోయిన వారం ఒకసారి చూశాం, ఇవాళ ఇంకోసారి చూశాం. గొడుగులు బాగుచేసే ఆ ముసలాయన కూడా తన సినిమా ఇన్నిసార్లు చూసుకుని ఉండడు."

"చివరి పావుగంట చాలు. కూతురు వస్తుంది చూడు, అక్కణ్ణించి పెట్టు."

"నా గొంతు పోయింది బావా. ఆరు రోజులు బస్సులో అరిచి, ఏడో రోజు నీ జపాను వాళ్ళ కోసం అరిచి..."

"జపాను వాళ్ళు అరవరురా. నువ్వే అరుస్తావు. ఆయన పాపం ఏదో గొణుగుతుంటే, నువ్వు 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అన్నట్టు చదువుతావు."

"మరి ఆ కింద అక్షరాలు ఆగి చస్తేగా! ఇంగ్లీషులో చూడాలి, తెలుగులో చెప్పాలి, ఈలోగా రెండో లైను వచ్చి నెత్తినెక్కి కూర్చుంటుంది. డిగ్రీ రెండుసార్లు తప్పినవాడికి ఇంతకన్నా వేగం రాదు."

"అందుకేగా నెమ్మదిగా నడిచేవే ఎంచుతున్నా. జపాను సినిమాలో ఇద్దరు మాట్లాడుకోవాలంటే ముందు నీళ్ళు మరగాలి. మనిషి లేచి వెళ్ళిపోయినా కెమెరా లేవదు, ఆ ఖాళీ చాప వంకే చూస్తూ కూర్చుంటుంది. ఇందాకటి ఖాళీ గది ఎంతసేపుందో తెలుసా? ఇరవై రెండు సెకన్లు. నా చెవిలో సెకను ముల్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది."

"ఖాళీ గది చూడ్డానికి నా సెలవు రోజే దొరికిందా నీకు?"

"అందులోనే ఉందిరా అంతా. మిగతా దేశాల వాళ్ళకి బాధేస్తే మనకి చెప్తారు. వీళ్ళకి బాధేస్తే గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతారు. నేను మొదటిసారి చూసినప్పుడు ఇదేం సినిమారా బాబూ అనుకున్నా. వారం తర్వాత బల్ల మీద గడియారం విప్పుతుంటే ఆ చెప్పులు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. అప్పట్నించీ పట్టుకుంది నాకీ జబ్బు."

"ఆ మంచుదేశం వాళ్ళ సినిమా నయం బావా. గంటన్నరలో పదకొండు మాటలు. చదివే పనిలేక హాయిగా నిద్రపోయా."

"అదీ మంచి సినిమానే. కానీ అక్కడ మనుషులు ఒకళ్ళంటే ఒకళ్ళకి అక్కర్లేక మాట్లాడరు. జపాను వాళ్ళు అక్కర ఎక్కువై మాట్లాడరు. ఆ తేడా ఉంది. సరే, మాట మార్చకు. పెట్టు."

"నేనా మార్చింది! అక్క వచ్చాక పెడదాం."

"మీ అక్క ఇప్పుడే రాదు. షాపు ఓనరు దగ్గరికి వెళ్ళింది. ఇంకో రెండు నెలలు నా బల్ల ఎవరికీ ఇవ్వొద్దని అడగడానికి. డాక్టరు మూడు నెలల్లో చూపు వచ్చేస్తుందన్నాడు కదా, ఒక నెల గడిచింది, ఇంక రెండే. ఆ మాత్రం ఆగడా?"

"ఆఁ... ఆగుతాడు బావా."

"పెట్టు మరి."

"పెట్టా. ఇదిగో. వాన పడుతోంది. ముసలాయన కూర్చున్నాడు."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి బావా, ఇంట్లో."

"నాకు నడిమధ్య నల్ల బిళ్ళ అడ్డమొస్తుంది గానీ అంచులు కనపడతాయిరా. అంచుల్లో ఏదో పరుగెడుతోంది. ఇల్లు పరుగెడుతుందా?"

"కిటికీ అది. కిటికీలోంచి వాన."

"వాన పక్కకి పడుతుందా?"

"గాలివాన."

"మరి ఆ చప్పుడు?"

"రైలు. ఇంటి పక్కనే స్టేషను."

"పోయిన వారం కూడా విన్నా. పావుగంటసేపు ఒకటే రైలు. ఎంత పొడుగురా అది?"

"గూడ్సు బండి."

"సరే, చదువు."

"కూతురు తలుపు తీసింది. 'నాన్నా, వచ్చేశాను' అంది. ఆయన 'టీ తాగుతావా' అన్నాడు. ఆమె..."

"ఆపు. పోయిన వారం 'నాన్నా, ఎలా ఉన్నావు' అంది. ఇందాక 'నన్ను క్షమించు' అంది. ఇప్పుడు 'వచ్చేశాను' అందా? మూడుసార్లకి మూడు మాటలా?"

"అన్నీ ఒకటే కదా బావా. తర్జుమా అన్నాక అటూ ఇటూ ఉంటుంది."

"ఒకటి కాదు. ఇరవై ఐదేళ్ళుగా చూస్తున్నా. ఆ దేశంలో బయట్నించి ఇంట్లోకి అడుగుపెట్టిన వాడెవడైనా 'తదైమా' అంటాడు. వచ్చేశాను అని. దొంగతనం చేసి ఇంటికొచ్చిన వాడైనా సరే, ఆ మాట అనే లోపలికొస్తాడు. లోపలివాళ్ళు 'ఒకాయెరి' అంటారు, వచ్చావా అని. పదేళ్ళ తర్వాత పుట్టింటికొచ్చిన పిల్ల ఆ మాట అనలేదేం? అసలు ఆడగొంతే వినపడలేదేం?"

"మెల్లగా అంది."

"కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదురా నాకు."

"రెండు ముక్కలు వచ్చినంత మాత్రాన జపాను భాషంతా వచ్చేసినట్టేనా?"

"పోనీ నాకు రాదు. మా సినిమా గ్రూపులో లైబ్రరీ మేడమ్ ఉంది కదా, ఆవిడకి కళ్ళున్నాయిగా."

"ఆవిడకేం?"

"ఆదివారం గ్రూపులో నా అభిప్రాయం చెప్పి పెట్టా. రాయలేను కనక గొంతుతోనే. 'ఇన్నేళ్ళలో ఇంత చల్లగా ముగిసిన జపాను సినిమా చూడలేదు, ఆ కూతురు తిరిగొస్తుంటే నా కడుపు నిండిపోయింది' అని ఏడు నిమిషాలు వాగా. నలభై మంది విన్నారు. ఒక్కళ్ళూ ఏమీ అనలేదు. నిన్న మేడమ్ విడిగా పంపింది, ఎంత మర్యాదగా అడిగిందనుకున్నావు! 'గడియారం గారూ, మీరు చూసింది వేరే కాపీనాండీ? నేను చూసినదాంట్లో ఆయన కూతురి దగ్గరికి రైల్లో వెళ్తూ, కిటికీ పక్కనే ప్రాణం విడుస్తాడండీ. కూతురు రాదండీ' అని."

"వేరే కాపీ అయ్యుంటుంది బావా."

"అబద్ధమాడినా అతికినట్టుండాలిరా. మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి రైలు నడిపించావు. పోయాడా, లేదా?"

"పోయాడు."

"ఎలా?"

"టికెట్టు అడగడానికి వచ్చినవాడు భుజం తట్టాడు. తల పక్కకి వాలిపోయింది. నేను రోజూ అలాగే తడతాను బావా జనాన్ని. అది చూసి చదవడం ఆపేశా. నువ్వేమో 'తర్వాత? తర్వాత?' అంటున్నావు. ఏదో ఒకటి అనాలిగా. కూతురొచ్చింది అనేశా."

"అదొక్కటేనా?"

"అదొక్కటే. మా అమ్మతోడు."

"మీ అమ్మ నాకు అత్తగారు. ఆవిడ మీద ఒట్టేసే ముందు ఇంకోసారి ఆలోచించుకో."

"ఇంకోటి ఉంది."

"ఏది?"

"బడిపంతులిది. ఆ ఎడారి దేశం వాళ్ళది."

"పిల్లలంతా కలిసి పంతుల్ని వెతికి తీసుకొస్తారు కదరా!"

"వెతుకుతారు. దొరకడు."

"ఆ రోజు మీ అక్కని పిలిచి మరీ చెప్పాను. ఇద్దరం ఎంత సంతోషపడ్డామో!"

"అందుకే మళ్ళీ నోరు తెరవలేకపోయా."

"మరి పడవ సినిమా? అన్నదమ్ములు రాజీపడ్డారన్నావు?"

"పెద్దవాడు చిన్నవాణ్ణి నీళ్ళలోకి తోసేశాడు."

"దభీమని చప్పుడైంది. ఏంట్రా అంటే వల వేశారన్నావు!"

"వల కూడా వేశారు బావా. తర్వాత."

"ఓరి నీ దుంపతెగ! మొత్తం ఎన్నిరా?"

"ఎవరూ చావనివి నేను ముట్టుకోలేదు. అది మాత్రం నిజం."

"నేను చూసేవన్నీ చచ్చేవేగా! అంటే ఈ నెలంతా నేను చూసినవి జపాను వాళ్ళవీ కావు, ఎడారి వాళ్ళవీ కావు. మా బామ్మర్దివి."

"బాగున్నాయన్నావుగా."

"అన్నా! అందుకే ఒళ్ళు మండుతోంది. సినిమా తీసినవాడు ఏళ్ళ తరబడి ఆలోచించి ఒక మనిషిని చంపుకుంటే, బతికించడానికి నువ్వెవడివిరా? ఆ చావు వాడిది. దాన్ని ఉన్నది ఉన్నట్టు చూడాలి, చివరిదాకా. నాకు నచ్చినట్టు జరగాలంటే కళ్ళు మూసుకుని కలలే కనేవాణ్ణిగా, సినిమాలెందుకు?"

"తప్పే బావా. కాళ్ళు పట్టుకోమంటావా?"

"నా కాళ్ళెందుకు గానీ, ఒక్కటి చెప్పు. మొట్టమొదట మార్చింది ఏది?"

"బడిపంతులు."

"అంతకుముందు మార్చలేదా? ఆ తల్లీబిడ్డల సినిమాలో ఇద్దరూ పోయారు, ఉన్నదున్నట్టే చదివావు. నేను ఏడిస్తే 'ఈ వయసులో సినిమాకి ఏడుస్తావా బావా' అని నవ్వావు కూడా."

"చదివా."

"మరి పంతులు దగ్గరికొచ్చేసరికి ఏమొచ్చింది నీకు?"

"ఏమో బావా. ఆ రోజు మనసు బాలేదు."

"ఏ రోజది?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు. కళ్ళు నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అయినా సినిమా పెట్టమన్నా. చూపు వస్తుందన్నారు కదా, సంతోషంగా ఉన్నాం కదా అని."

"టీ పెట్టనా బావా?"

"కూర్చో."

"గొంతు ఎండిపోయింది."

"కూర్చోమన్నానా! అంత మంచి కబురు తెచ్చిన రోజున నీకు మనసెందుకు బాలేదురా? ఆ రోజు కళ్ళలో మందు వేసి నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలికి నువ్వొక్కడివే వెళ్ళావు. కాగితం నువ్వే తెచ్చావు. మీ అక్కకి ఇంగ్లీషు రాదు, నాకు కనపడదు. ఇంటికొచ్చి నువ్వే చదివావు."

"డాక్టరు కాగితం వేరు, సినిమా వేరు బావా."

"వేరే. టీవీ కింద సొరుగులో ఉంది. తియ్యి."

"బావా, వద్దు."

"తియ్యరా."

"...తీశా."

"చదువు. అక్షరం పోకుండా."

"'రెండు కళ్ళలోనూ మధ్యభాగం పూర్తిగా దెబ్బతింది. మచ్చ కట్టింది.'"

"ఆ రోజు 'కొంచెం వాచింది' అన్నావు."

"అన్నా. 'ఇంజెక్షన్ల వల్ల ఇక ఉపయోగం లేదు గనక ఆపేశాం.'"

"'బాగా పనిచేశాయి, ఇంక అక్కర్లేదు' అన్నావు."

"అన్నా బావా."

"ఊఁ. తర్వాత?"

"'పోయిన చూపు తిరిగి వచ్చే అవకాశం లేదు. అంచుల్లో చూపు మిగలొచ్చు. చదవడం, సన్నపని చెయ్యడం...' చాలు బావా."

"లైను మధ్యలో ఆపకు."

"'...ఇక సాధ్యం కాదు. వేరే పని చూసుకునేలా ఇంట్లోవాళ్ళు సాయపడాలి.' అంతే. కింద సంతకం."

"మరి మీ అక్క రోజూ మూడు పూటలా వేసే చుక్కలు?"

"కళ్ళు ఎండిపోకుండా. అంతకుమించి ఏం లేదు."

"చుక్క వేసిన ప్రతిసారీ 'ఇవాళ కాస్త తేటగా ఉందా' అని అడుగుతుందిరా. నేను ఉందంటాను. అబద్ధం చెప్పాలని కాదు, ఉందేమో అనుకునే అంటున్నా."

"నన్ను తిట్టు బావా. కొట్టు. ఆ రోజు నేను దారంతా ఎలా చెప్పాలా అనే అనుకుంటూ వచ్చా. తలుపు తీయగానే అక్క, తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ 'ఏమన్నార్రా' అంది. నా వల్ల కాలేదు. మూడు నెలలు అనేశా. ఆ తర్వాత ఏం చెయ్యాలో అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. రోజులు దగ్గరపడుతుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు."

"నాకు మాత్రం ఏం తెలుసురా? ముప్ఫై ఏళ్ళు చేతిగడియారాల పొట్టలు విప్పినవాణ్ణి. వేరే పనట! నాకొచ్చిన రెండో పని సినిమా చూడటం."

"అక్కకి నేనే చెప్తా. ఇవాళే చెప్తా."

"నువ్వొద్దు, నీళ్ళు నములుతావు. నేనే చెప్తా. పాపం అక్కడ ఓనరు ముందు నిలబడి బతిమాలుతోంది, దేనికి? రాని కళ్ళ కోసం. ఇంక ఒక్క రోజు కూడా దాచకూడదు. అడుగుపెట్టగానే చెప్పేస్తా, ఉన్నది ఉన్నట్టు."

"బావా, గేటు..."

"విన్నా. లేవకు. ఇక్కడే ఉండు."

"ఏమండీ! ఒప్పుకున్నాడండీ! రెండు నెలలేంటమ్మా, మూడైనా ఆగుతానన్నాడు. 'ఆయన చెయ్యి ఇంకెవరికొస్తుంది' అన్నాడండీ, పనివాళ్ళందరి ముందూ! మీ బల్ల నేనే తుడిచి గుడ్డ కప్పి వచ్చా. ఎన్నాళ్ళయిందో ఇంత హాయిగా నడిచి. ఏంట్రా తమ్ముడూ, మొహాలేంటి అలా ఉన్నాయి ఇద్దరివీ? మళ్ళీ ఏ జపానువాడు పోయాడు?"

"ఎవరూ పోలేదక్కా. బావ నీకేదో చెప్పాలట."

"ఏంటండీ? వీడి చేతిలో ఉన్నది డాక్టరు కాగితం కదూ? దాన్నెందుకు తీశారు?"

"ఏం లేదే. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. వినడానికి బాగుంటుందని ఇంకోసారి చదవమన్నా. ఒరేయ్, మొదట్నించీ చదువు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఎలా చదివావో, అలాగే చదువు."