ఇసకతిప్ప మీద నిర్వాణం

పట్టిసీమ దాటగానే పడవ ఇసకతిప్పెక్కింది. ఆ తిప్ప ఎక్కడుందో పడవవాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు. పడవెక్కిన దగ్గర్నుంచీ షావుకారుగారు బౌద్ధమే చెబుతున్నారు.

“కనబడేదంతా మనసు కల్పనేరా. అది తెలిసినవాడికి దుఃఖం లేదు. అదే నిర్వాణం.”

“ఎనభయ్యారు వరదలో పాకమీద నిలబడి మీ లాంచీకి చేతులూపీ ఊపీ కొట్టుకుపోయింది మా అమ్మ. అదీ కల్పనేనాండి?”

“ఆవేళ నాకెవరూ కనబడలేదురా.”

“ఆయ్. కాస్త దిగి తొయ్యండి, పడవ కదుల్తాది.”

షావుకారుగారు పంచె ఎగ్గట్టి, దిగి తోశారు. పడవ లోతునీళ్లలో పడింది. పడవవాడు గెడేసి దూరం జరిగాడు.

“ఒరేయ్! నన్నెక్కించుకోరా! ఇక్కడున్నానురా!” ఆయన రెండు చేతులూ ఊపారు.

పడవవాడు గెడ ఆపి, ఆయన కళ్లల్లోకే చూశాడు.

“ఎవరండీ అక్కడ? నాకెవరూ కనబడ్డం లేదండి.”